నాలుగో బండ

లారీల వెనక 'హారన్ కొట్టండి' అని రాసిన చెయ్యి నాది.
పాతికేళ్ళుగా అదే ఉడత తోక బ్రష్షు.
ఇప్పుడు నెల్లూర్లో, పెన్న కట్ట మీద
కొత్తగా పోసిన నడకదారి గోడకి
ఏటి చరిత్ర రాయమన్నారు.

మొదటి తగాదా పేరు కాడే.
కాగితంలో పినాకిని అని ఉంది.
సుద్దదారం కొట్టి, అక్షరాలు కొలుచుకుని
"ఈడ ఆ పేరుతో ఎవురూ పిలవరు సార్" అన్నా.
"మరేమంటారు?"
"ఏరంటారు.
ఏటికి పొయ్యొస్తా అంటారు.
ఏరొచ్చింది అంటారు, చుట్టమొచ్చినట్టు.
ఏరు పోయింది అనడం మాత్రం
ఈ మధ్యనే నేర్చుకున్నారు."
ఇంజినీరు నవ్వాడు. పినాకినే రాయమన్నాడు.
రాశా. మూడడుగుల ఎత్తు, నీలం మీద తెలుపు.

బొమ్మలేసే పిల్ల హిమజ, తాడిపత్రి నుంచి వచ్చింది.
అదీ ఇదే ఏరు, పైవైపు.
"మా దగ్గర పెన్న అంటే ఇసకే అన్నా,
నీళ్ళు ఎట్లుంటాయో మీరు చెప్పండి, నేనేస్తా" అంది.
చెప్పా.
నిచ్చెన మీద నిలబడి కొరమీనుకి మచ్చలు పెట్టింది,
రంగనాయకుల గోపురాన్ని తలకిందులుగా నీళ్ళలో వేసింది,
నీలం డబ్బాలు పదకొండు అయిపోయినాయి.
గోడ ముందర ఏరు నిండుగా పారతా ఉంది.
గోడ వెనక నాలుగు పాయలు, తుమ్మచెట్లు,
ట్రాక్టరు చక్రాల గీతలు.
మధ్యలో మేం, టీ తాగతా.

రేవు తవ్వినప్పుడు చాకిరేవు బండలు ఏడు దొరికినాయి.
యాసిడ్ పోసి కడిగి,
సిమెంటు దిమ్మెల మీద నిలువుగా నిలబెట్టి
కింద నుంచి లైట్లేశారు.
ఒక్కోదానికి ఒక్కో బోర్డు.
నా పని అది.

ప్రారంభానికి ముందు రోజు సాయంత్రం
మోకాళ్ళ మీద చేతులేసుకుంటా
చెంగాలమ్మ మెట్లు దిగింది.
నేను నాలుగో బోర్డు రాస్తున్నా. తా. క. రా.
చదువు రాదు ఆమెకి. నేరుగా పొయ్యి
మొదటి బండ మీద అరచెయ్యి పెట్టింది.
"ఇది మాది కాదు నాయనా."
రెండోది.
"ఇది మా తోడికోడలిది. ఎడమచేతి వాటం దానికి,
గుంట ఇటు పక్క పడింది చూడు."
మూడోదాన్ని దాటేసింది, ఏం మాట్లాడకుండా.
నాలుగో దాని కాడ
చెయ్యి దానంతటదే గుంటలోకి దిగింది,
గంటె గిన్నెలోకి దిగినట్టు.

"మా అత్త ముప్పయ్యేళ్ళు, నేను నలభై.
ఈ ఊరి మైలంతా దీని మీద నుంచే ఏట్లోకి పోయింది."
కాసేపు చూసింది.
"అయినా ఇట్టా నిలబెట్టారేందిరా?
పడుకోవాల ఇది.
నీళ్ళు ఇటు జారాల.
నిలబడితే ఎవురు ఉతుకుతారు, దేవుడా?"

ఎట్ల ఉతికేవాళ్ళవ్వా, అని హిమజ అడిగింది.
చెంగాలమ్మ చీర బిగించి, నడుం వంచి,
ఖాళీ చేతులు భుజం మీదగా ఎత్తి
గాలిని బాదింది.
హుష్, అని ఒక ఊపిరి.
మళ్ళీ. హుష్.
ఏటి అవతల కోవూరు వైపు నుంచి
ఆ ఊపిరి మళ్ళీ వినపడిందని నేననుకున్నా.
హైవే మీద బస్సు కావచ్చు.

హిమజ గోడ వైపు తిరిగి
తను వేసినదంతా చూసుకుంది చాలాసేపు.
బ్రష్షు తడిగుడ్డలో చుట్టేసింది.

మర్నాడు రిబ్బను, బ్యాండు, సమోసాలు.
చెంగాలమ్మ రాలేదు.
నాలుగో బోర్డు ముందర ఒక పిల్లోడు
కూడబలుక్కుని చదివాడు: తా, క, రా.
వాళ్ళ నాయన చెయ్యి విదిలించుకుని
పొయ్యి తాకాడు.
వాడి వెనక ఇంకో ఇద్దరు.
గుంటలో చిన్న చేతులు జారతా ఉండాయి.

రాత్రి కాంట్రాక్టరు ఫోను.
"చివర ఒక అక్షరం ఎగ్గొట్టావంటనే?"
"రంగు చాల్లేదు సార్" అన్నా.

డబ్బాలో ఇంకా అర లీటరు ఉంది.
మూత గట్టిగా బిగించి
మంచం కింద పెట్టా.